ఫ్యామిలీ రేటు

బెల్లు కొట్టింది సీతారామయ్యే. మధ్యాహ్నం వస్తానని కబురు పెట్టి పొద్దున్నే దిగాడు. ఇళ్ళు తనిఖీ చేయడంలో ఆయనకు తెలిసిన ఒకే ఒక్క విద్య అది. అవతలివాళ్ళు తల దువ్వుకోకముందే గుమ్మంలో నిలబడటం.

ఉమాదేవి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తలుపు వైపు నడిచింది. ఈ పదిహేను రోజులుగా ఆమె ఎదురుచూస్తున్నది ఈ బెల్లు కోసమే, భయపడుతున్నదీ ఈ బెల్లుకే.

ఆమెది కోరుట్ల. సౌదీలోని హుఫూఫ్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఏళ్ళ తరబడి ఆస్పత్రి హాస్టల్లో మలయాళీ నర్సులతో ఒకే గదిలో సర్దుకుంది. రియాద్‌లో, సులైలోని వర్క్‌షాపులో వెల్డింగ్ చేసే ఆమె భర్త భూమేష్ షెడ్డు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. కంపెనీ ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపేసింది. నడవగలిగాక అతణ్ణి తన ఇకామా, అంటే నివాస పర్మిట్టు, మీద ఫ్యామిలీ వీసాతో ఉమాదేవే తిరిగి రప్పించుకుంది. హాస్టల్లో మొగుళ్ళకు చోటు లేదు. అందుకని అబూ నాసిర్ అనే సౌదీ ముసలాయన బిల్డింగ్‌లో, రెండో అంతస్తులో, రెండు గదుల ఇల్లు తీసుకుంది.

అలా బయట కిరాయికి ఉండే ఉద్యోగులకు ఆస్పత్రి హౌసింగ్ అలవెన్స్ ఇస్తుంది. ఇంటి యజమానులు ఆర్నెల్ల కిరాయి ముందుగానే అడుగుతారు కాబట్టి అలవెన్సు కూడా ఆర్నెల్లకోసారి ముందే వస్తుంది. అగ్రిమెంటు ఉద్యోగి పేరు మీద ఉండాలి, సర్కారు వెబ్‌సైటులో ఎక్కి ఉండాలి, ఆ ఇంట్లో నిజంగా కాపురం ఉండాలి. ఒంటరిగా ఉంటే ఒక రేటు. భార్యో భర్తో ఈ దేశంలోనే తోడుంటే ఫ్యామిలీ రేటు, దాదాపు రెట్టింపు. ఆ తోడు మూడు నెలలు దాటి ఇండియాలో ఉండిపోతే మళ్ళీ ఒంటరి రేటే. అంతా సక్రమంగా ఉందని సంతకం పెట్టవలసినవాడు హౌసింగ్ ఇన్‌చార్జి సీతారామయ్య.

ఆ సంతకం ఆగిపోయింది. ఉమాదేవి ఇంట్లో ఉన్నవాడు ఆమె మొగుడు కాడనీ, ఎవడికో గది అద్దెకిచ్చి ఫ్యామిలీ రేటు కాజేస్తోందనీ పేరు చెప్పని మనిషెవరో ఆఫీసుకు ఫోన్ చేశారు. పెళ్ళి సర్టిఫికెట్టు, వీసా, ఇకామా అన్నీ చూపించింది. సీతారామయ్య వాటిని వేలి కొసతో పక్కకు నెట్టి, "సౌదీ మేడం దాకా ఎందుకు, నేనే ఇంటికొచ్చి చూస్తాలే" అన్నాడు. ఫిర్యాదు వస్తే ఇల్లు చూడ్డానికి రావలసింది ఆయన పై ఆఫీసరైన ఆ సౌదీ మేడం. నెలాఖరులోగా కిరాయి కట్టకపోతే అబూ నాసిర్ ఇల్లు ఖాళీ చేయమంటాడు. అప్పుడు ఉమాదేవి హాస్టల్‌కు, భూమేష్ కోరుట్లకు.

తలుపు తీసింది.

ముందు అత్తరు వాసన వచ్చింది, తర్వాత సీతారామయ్య వచ్చాడు. సెలవు రోజున కూడా టై కట్టుకున్నాడు. బూట్లు విప్పలేదు. హాల్లో పరిచిన చాప మీదుగా బూట్లతోనే నడిచి, కుర్చీ మీద జేబురుమాలు పరిచి దాని మీద కూర్చున్నాడు.

"ఏమ్మా, ఇదేనా మీ ప్యాలెస్సు?"

"కూసోండ్రి సార్" అంది ఉమాదేవి, ఆయన అప్పటికే కూర్చున్నాడని తెలిసీ.

వంటింట్లోంచి భూమేష్ వచ్చాడు. చొక్కా కింద నడుముకు కట్టుకున్న బెల్టు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. చేతిలో టీ కప్పు ఉంది. వంగలేడు కనుక కప్పు బల్ల మీద పెట్టడానికి మోకాళ్ళ మీద కిందికి దిగి, బల్ల అంచు పట్టుకుని మళ్ళీ లేచాడు. అంతసేపూ సీతారామయ్య ఆ అవస్థను సినిమా చూసినట్టు చూశాడు. సాయం పట్టలేదు. టీ తాగలేదు.

"ఏమయ్యా, నువ్వేనా ఆ మొగుడివి?"

"అవ్ సార్."

"ఏం చేస్తుంటావ్?"

"ఇప్పుడైతే ఏం లేదు సార్. ఇంట్లనే. వంట జేస్త."

"వంట చేస్తావా!" సీతారామయ్య నవ్వాడు. "భలే. ఆవిడ డ్యూటీకి పోతే నువ్వు పప్పు ఉడకేస్తావన్నమాట. మా వైపు ఇట్టాంటి మొగుణ్ణి ఏమంటారో తెలుసా? పోనీలే, ఆడవాళ్ళ ముందు ఎందుకు."

భూమేష్ కూడా నవ్వాడు. నడుముకు రాడ్లు వేసినప్పుడు కూడా అరవని మనిషి, ఈ టై కట్టుకున్న ఆసామి వేసిన మాటకు నవ్వి చూపిస్తున్నాడు.

"ఇల్లు చూస్తనంటిరి కద సార్. చూడుండ్రి" అంది.

సీతారామయ్య లేచాడు. పడక గదిలోకి వెళ్ళి దుప్పటి అంచు రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. బీరువా తెరిచి, మగవాళ్ళ బట్టలెన్ని ఉన్నాయో ఆడవాళ్ళ బట్టలెన్ని ఉన్నాయో పరికించాడు. ఉమాదేవి లోపలి బట్టల అరను కూడా వదల్లేదు.

"ఒకటే మంచమా?"

"మొగడు పెండ్లాలకు ఎన్ని మంచాలు గావాలె సార్?"

"నోరు ఎక్కువేనే నీకు." ఆయన భూమేష్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ ఆవిడ ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పు చూద్దాం. మొగుడివైతే తెలియాలిగా."

భూమేష్ తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు. నిజంగానే చెప్పబోతున్నాడని ఉమాదేవికి అర్థమైంది.

"చెప్పకు" అంది గట్టిగా. "సార్, మీ రూల్స్‌ల పుట్టుమచ్చ ముచ్చట యాడుందో చూపియ్యుండ్రి. సౌదీ మేడం ముంగట కూసోని అందరం కలిసి చదువుదాం."

సీతారామయ్య మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. అంతే, పూర్తిగా పోలేదు. "మీ జగిత్యాల, కోరుట్ల వాళ్ళందరికీ ఇదే జబ్బు. క్యాంపుల్లో పడి ఉండాల్సినవాళ్ళు. నర్సు కోర్సు చదివించి ఫ్లాటు ఇస్తే నెత్తికెక్కుతారు. నేనొక్క మాట రాస్తే నీ మొగుడు వచ్చే వారం ఫ్లైటెక్కుతాడు. తెలుసా?"

తెలుసు. అందుకే ఆమె ఉన్న చోటే చేతులు కట్టుకు నిలబడింది. ఐసీయూలో మలమూత్రాలు ఎత్తిన చేతులివి, చచ్చేవాళ్ళ నోట్లో చివరి చెంచా నీళ్ళు పోసిన చేతులివి. వాటికెప్పుడూ పుట్టని అసహ్యం ఈ మనిషి తన బీరువా తలుపు పట్టుకుని నిలబడితే పుట్టింది.

తర్వాత బాత్‌రూం. లోపలికి వెళ్ళిన సీతారామయ్య పైకి చూసి నాలుక చప్పరించాడు. కప్పు మీద పెద్ద తేమ మరక ఉంది. సున్నం పెచ్చులు ఊడి వేలాడుతున్నాయి. ఒక మూల నుంచి నీటి చుక్కలు కింద పెట్టిన బకెట్లో పడుతున్నాయి.

"ఇదేంటమ్మా ఇది? ఇల్లు ఉంచుకునే పద్ధతి ఇదేనా? రేపు ఓనరు వచ్చి ఆస్పత్రిని తిడతాడు. మీలాంటివాళ్ళ వల్లే ప్రైవేటు ఓనర్లు మనకి ఇళ్ళు ఇవ్వనంటున్నారు. ఈ ఒక్కటి చాలు రిపోర్టు రాయడానికి."

"అది మాది గాదు సార్" అన్నాడు భూమేష్, మెల్లగా. "మీది ఫ్లోర్ ఇంట్ల పైపు పగిలింది. మేం ఎప్పుడో చెప్పినం."

"ఆఁ, ఎదుటివాళ్ళ మీదికి తోసెయ్యి."

"నిజం సార్. హారిస్‌నే, గా వాచ్‌మన్‌నే అడుగుండ్రి. ఇప్పుడే పిలుస్త." తన మాట ఒక్కటైనా నిజమని తేలబోతోందన్న ఆత్రంతో భూమేష్ గబగబా తలుపు దగ్గరికి నడిచాడు. "మొహిద్దీన్ భాయ్! జెర మీదికి రా!"

"అక్కర్లేదు" అన్నాడు సీతారామయ్య. "వాచ్‌మన్ల సాక్ష్యం నాకెందుకు? వద్దన్నానా! నేను వెళ్తున్నా." టై సరిచేసుకుంటూ హాల్లోకి నడిచాడు. జేబురుమాలు కుర్చీ మీదే మరిచిపోయాడు.

ఆ తొందర ఉమాదేవికి వింతగా తోచింది. అప్పటిదాకా ఇల్లంతా తనదైనట్టు తిరిగిన మనిషి, వాచ్‌మన్ మాట వినగానే గుమ్మం వెతుక్కుంటున్నాడు.

ఆయన గుమ్మం దాటేలోపు గులాం మొహిద్దీన్ మెట్లెక్కి వచ్చేశాడు. నిజామాబాద్ మనిషి. నీళ్ళ మోటరు వేయడం నుంచి అబూ నాసిర్‌కు కిరాయి గుర్తు చేయడం దాకా ఈ బిల్డింగ్ బాధ్యతంతా అతనిదే. సీతారామయ్యను చూడగానే మొహమంతా వెలిగిపోయింది.

"అరే సాబ్! సలాం అలైకుం! దొరికిన్రు ఇయ్యాల. ఎన్ని ఫోన్లు జేసిన సాబ్ మీకు! ఒక్కటన్న ఎత్తరాయె. మీ బాత్‌రూం పైపు పగిలి పాపం ఉమక్క ఇల్లంతా నాశ్‌నం అయితున్నది. ప్లంబర్‌ను తోలుకొస్తే మేడం తలుపు తియ్యది. సాబ్ లేంది తియ్య అంటది. మీరే వొచ్చిన్రు గద, నడువుండ్రి మీదికి, ఇప్పుడే చేపిద్దాం."

బాత్‌రూంలో నీటి చుక్క బకెట్లో పడిన చప్పుడు వినిపించింది.

"ఎవరయ్యా నువ్వు? ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నావ్?" అన్నాడు సీతారామయ్య.

మొహిద్దీన్ తికమకపడ్డాడు. "గదేంది సాబ్! మూడో ఫ్లోర్ మీదే గద. అగ్రిమెంటు మీ పేరు మీదనే ఉండె. అబూ నాసిర్ ముంగట నా ఎదురుంగనే దస్కత్ జేస్తిరి. ప్రతి జుమ్మా నాడు రాత్రి అందరు పండుకున్నంక తర్కారీ థైలీ పట్టుకొని వొస్తరు గద."

ఉమాదేవికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేకపోయింది. సీతారామయ్య ఉండేది ఆస్పత్రి ఆవరణలోని డ్యూటీ క్వార్టర్‌లో. అది ఆస్పత్రిలో అందరికీ తెలుసు. రాత్రీ పగలూ ఇళ్ళ సమస్యలు చూడాలని ఆయనకు ఊరికే ఇచ్చిన క్వార్టర్ అది. ఆస్పత్రి ఇంట్లో ఉండేవాళ్ళకు అలవెన్సు పైసా రాదు. అది కూడా అందరికీ తెలుసు. ఎందుకంటే ప్రతి కొత్త నర్సుకూ ఆ రూలు చదివి వినిపించేది ఆయనే. ఇంకా ఒకటి తెలుసు. ఆయన భార్య తెనాలిలో ఉంటుందని. కీళ్ళ నొప్పులనీ, ఈ ఎండలు పడవనీ ఉగాది పార్టీలో ఆయనే అందరికీ చెప్పాడు.

"మేడం అంటే ఎవరు సార్?" అంది.

"నీకనవసరం."

"తెనాలిల ఉన్న మేడమేనా?"

"నోర్ముయ్!"

ఉమాదేవి నవ్వింది. నవ్వాలనుకుని నవ్వలేదు, నవ్వు ఆగలేదు. పదిహేను రోజులుగా ఈ మనిషి ఎదురొస్తే దారి మార్చుకు నడిచేది. ఇప్పుడు చూస్తే ఏముంది? ఆస్పత్రి ఇంట్లో ఊరికే ఉంటూ, లేని కాపురానికి అలవెన్సు తింటూ, పైగా ఊళ్ళో వాళ్ళ దుప్పట్లు ఎత్తి చూసే దొంగ. అదీ చిల్లర దొంగ. నాలుగు నెలల కిందట ఒక మణిపూర్ నర్సు తన చెల్లెల్ని గదిలో ఉంచుకుందని అలవెన్సు ఆపించి, ఆ నర్సును ఏడిపించి ఏడిపించి దేశం దాటించినవాడూ ఈయనే.

"క్వార్టర్ ఫుకట్ల. మీద ఫ్యామిలీ రేటు. మీ సంతకం మీరే పెట్టుకుంటున్నరా సార్? మిమ్మల్ని చెక్ జేసేటందుకు ఎవ్వలు రారా?"

"ఉద్యోగం పోగొట్టుకుంటావ్" అన్నాడు సీతారామయ్య. కానీ గొంతు ముందులా లేదు. "నీ మాట ఎవడు నమ్ముతాడే? వాచ్‌మన్ని, నడుం విరిగినవాణ్ణి సాక్ష్యం తెస్తావా? హారిస్, నువ్వు కిందికి పో."

"మీరు మా ఇల్లు చూసిన్రు గద" అంది ఉమాదేవి. "బీరువా తీసిన్రు, బట్టలు జూసిన్రు. ఇగ మీ ఇల్లు మేం చూస్తం. నడువుండ్రి."

"ఉమా, వద్దు" అన్నాడు భూమేష్.

ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది. వెనకాల బూట్ల చప్పుడు, "ఆగు, ఆగమంటున్నానా" అన్న కేక వినిపించాయి. సీతారామయ్యకు ఒళ్ళెక్కువ, ఆమెకు వార్డుల చుట్టూ రోజంతా తిరిగే కాళ్ళు. మూడో అంతస్తు తలుపు దగ్గరికి ఆమే ముందు చేరింది. బెల్లు కొట్టింది. చప్పుడు లేదు. అరచేత్తో తలుపు బాదింది.

"మేడం! కింది ఇంటి ఉమాదేవిని. ఆస్పత్రి నర్సును. జెర తలుపు తీయుండ్రి."

లోపల ఏదో కదిలింది. గడియ జారిన చప్పుడైంది. తలుపు సందులో ఒక మొహం కనిపించింది.

ఎండ తగలని మొహం. నలభై దాటిన మనిషి. కుడి అరచేతికి అడ్డంగా, ఇంకా ఎర్రగా ఉన్న మచ్చ. ఆ మచ్చను ఉమాదేవి గుర్తుపట్టింది, కుట్లు విప్పింది తనే కనుక. నెల కిందట ఎమర్జెన్సీకి ఒక్కతే టాక్సీలో వచ్చిన తెలుగావిడ. కూరగాయల కత్తి జారిందంది. పేరు రిషిత అని రాయించింది. ఈ ఊళ్ళో తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందో అన్నట్టు, డ్రెస్సింగు కోసం వచ్చిన ప్రతిసారీ ఉమాదేవిని మాట్లాడిస్తూనే ఉండేది. ఎక్కడుంటారు, ఇల్లెట్లా దొరికింది, కిరాయి ఎవరిస్తారు అని.

"మీరా?" అంది ఉమాదేవి.

ఆవిడ ఉమాదేవి భుజం మీదుగా మెట్ల వైపు చూసింది. రొప్పుతూ ఎక్కివస్తున్న సీతారామయ్యను చూసింది. మరుక్షణం ఉమాదేవి మణికట్టు పట్టుకుని లోపలికి లాగింది. తలుపు మూసి గడియ పెట్టింది. ఆ గాయపడిన చేతికి అంత బలం ఉంటుందని ఉమాదేవి అనుకోలేదు.

"నాగమల్లేశ్వరీ!" బయట తలుపు మీద దెబ్బ పడింది. "తలుపు తియ్యి! మల్లీ!"

"అదీ నా పేరు" అంది ఆవిడ. "ఆస్పత్రిలో అబద్ధం చెప్పాను. క్షమించండి."

ఇల్లు బోసిగా ఉంది. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, కిటికీలకు లోపలి నుంచి అంటించిన వెండిరంగు కాగితం. టీవీ లేదు. నేల మీద ఒక సంచిలో వాడిపోయిన తోటకూర ఉంది. హాలు మూలన మడిచి పెట్టిన బట్టలు సూట్‌కేసులో సర్దినవి సర్దినట్టే ఉన్నాయి.

"మీరు గీడ ఎన్ని రోజులసంది ఉంటున్నరు?"

"రెండేళ్ళు. మొదట్లో ఆయనా ఇక్కడే ఉండేవాడు. తర్వాత క్వార్టర్ ఇచ్చారంట. అక్కడ ఆడవాళ్ళు ఉండకూడదన్నాడు." నాగమల్లేశ్వరి మాట తడబడకుండా, వేగంగా వస్తోంది. ఎన్నో రోజులుగా లోపల కూడబలుక్కున్న మాటలు. "పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది. ఫోను పగలగొట్టాడు. మా అమ్మకి గుండె ఆపరేషన్ అయినప్పుడు పంపించమని కాళ్ళు పట్టుకున్నాను. మూడు నెలలు దాటితే రేటు తగ్గిపోద్దన్నాడు. పోనీ నెలకే వచ్చేస్తానన్నాను. వెళ్తే నువ్వు తిరిగి రావు, నాకు తెలుసన్నాడు. ఎగ్జిట్ వీసా కొట్టాలంటే ఆయన ఫోన్లో ఆయనే కొట్టాలంటగా. కొట్టడు. నేను ఇక్కడున్నట్టు లెక్కలో ఉండాలి. అంతవరకే నేను కావాలి ఆయనకి."

ఉమాదేవి మంచం అంచున కూర్చుండిపోయింది. మెట్లెక్కుతున్నప్పుడు ఆమెలో ఉన్న ఉత్సాహమంతా దిగిపోయింది. ఆయన్ని చిల్లర దొంగ అనుకుంది కాసేపటి కిందట. కాదు. అలవెన్సులో ఒంటరి రేటుకూ ఫ్యామిలీ రేటుకూ మధ్య ఉన్న తేడా కోసం కట్టుకున్న మనిషిని కిటికీలు మూసిన ఇంట్లో పడేసి, శుక్రవారం శుక్రవారం తోటకూర తెచ్చి పడేస్తున్నాడు.

"మరి ఆ దినం ఆస్పత్రిల నాకెందుకు చెప్పలే?"

"అది ఆయన ఆస్పత్రి. ఎవరికి చెప్పినా ఆయన చెవికే పోద్దనుకున్నాను." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "కానీ మీరు ఒక మాటన్నారు. ఇళ్ళు బయట తీసుకున్నవాళ్ళ మీద ఎవరైనా ఫోన్ చేస్తే ఆఫీసునుంచి సౌదీ మేడం వచ్చి ఇల్లిల్లూ చూసిపోద్ది అన్నారు. మీరుండేది మా కిందే అని మీ మాటల్లోనే తెలిసింది కదా, ఆవిడ ఈ బిల్డింగ్‌కి రావాలనుకున్నాను. వస్తే మెట్ల మీద కాళ్ళ మీద పడిపోదామనుకున్నాను. అందుకని..."

"అందుకని?"

"రిసెప్షన్‌లో ఫోన్ అడిగి, నేనే చెప్పాను మీ మీద. ఆ ఇంట్లో ఉన్నవాడు మీ ఆయన కాదని. ఇక్కడ ఆస్పత్రి వాళ్ళు మీరొక్కరే తెలుసు నాకు. తనిఖీకి వచ్చేది ఈయనేనని నాకు తెలీదమ్మా. ఆఫీసులో ఏం పని చేస్తాడో కూడా ఎప్పుడూ చెప్పలేదు నాకు."

ఉమాదేవి లేచి నిలబడింది. చెయ్యి ఎత్తి ఆవిడ చెంప మీద కొట్టాలనిపించింది. పదిహేను రోజుల అవమానం. పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పమని మొగుణ్ణి నిలబెట్టి అడిగించుకున్న అవమానం. ఈవిడ ఒక్క ఫోను వల్ల. కానీ ఆ ఎండిపోయిన మొహం చూస్తే చెయ్యి లేవలేదు. తన చేత్తోనే కుట్లు విప్పిన అరచేతిని ఆవిడ చీరకొంగులో దాచుకుంటోంది.

"నా సంసారం రోడ్డు మీదికొస్తుండె" అంది. "నా మొగడు ఇండియా పోతుండె."

"తెలుసు. తప్పే. నాకింకో దారి కనపడలేదు. నన్ను మీతోపాటు కిందికి తీసుకుపోండి. ఆ సౌదీ మేడం ముందు నిలబెట్టండి చాలు. ఆయన మిమ్మల్ని ఏమీ చెయ్యలేడు. నేను నోరు విప్పుతాను."

బయట దెబ్బలు ఆగాయి. మొహిద్దీన్ చెప్పుల చప్పుడు మెట్లు దిగి కిందికి వెళ్ళిపోవడం వినిపించింది. ఆయనే పంపించేసి ఉంటాడు. తర్వాత గొంతు తగ్గించి ఏవో మాటలు. ఇద్దరు మగవాళ్ళ గొంతులు. చాలాసేపు. సీతారామయ్య గొంతు, మధ్యలో భూమేష్ "ఆఁ సార్", "ఆఁ సార్" అనడం. పాపం ఆ నడుముతో ఒక్కొక్క మెట్టూ ఎక్కివచ్చాడన్నమాట.

తర్వాత సీతారామయ్య తలుపుకు నోరు ఆనించి మాట్లాడాడు. తేనె పూసిన గొంతు.

"ఉమాదేవి గారూ."

గారూ! ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఉమాదేవి గారూ, ఆవిడకి ఆరోగ్యం బాగోదండీ. మనసు సరిగా ఉండదు. ఏదేదో చెప్తుంది. మీరు నర్సు, మీకు తెలియంది కాదు. మీ ఫైలు ఇప్పుడే సంతకం పెట్టేస్తాను, ఫోన్లోనే పని అయిపోద్ది. ఈ ఒక్కసారే కాదు, ప్రతి ఆర్నెల్లకీ మీ ఇంటికి తనిఖీ అంటూ ఉండదు. మీ ఆయనకి స్టోర్స్‌లో కూర్చుని చేసే పని కూడా చూస్తాను. ఇకామా మార్పించే పూచీ నాది. ఆవిణ్ణి అక్కడ వదిలేసి మీరు బయటికొచ్చెయ్యండి. మీరేం చూళ్ళేదు. అంతే."

ఉమాదేవి తలుపు వైపు చూసి, ఊసినంత పని చేసింది. "ఛీ! నీ నౌకరి నువ్వే ఉంచుకో" అనబోయింది. మొగుడికి ఆ మాట వినపడాలనీ, ఇందాక వంచిన తల అతను ఎత్తాలనీ అనుకుంది.

అంతలో భూమేష్ గొంతు వినిపించింది.

"ఉమా."

"ఏంది?"

"ఇగో, సార్ చెప్పేది ఇను. బయటికి రా."

ఆమె చెవులను నమ్మలేకపోయింది. "ఏమంటున్నవు నువ్వు?"

"కూసోని చేసే పని అంటున్నడే." భూమేష్ తలుపు మీద మెల్లగా తట్టాడు. "నాకు మళ్ళ గసొంటిది ఎవ్వడిస్తడు చెప్పు? నీ పైసల మీద ఎన్నొద్దులు బతుకుత? ఆళ్ళ ఇంటి ముచ్చట ఆళ్ళు జూసుకుంటరు. నీకు దండం పెడత. బయటికి రా ఉమా."

నాగమల్లేశ్వరి బతిమాలలేదు, చెయ్యి పట్టుకోలేదు. సూట్‌కేసు పక్కన గోడకు ఆనుకుని నిలబడి, తలుపు వైపు కాకుండా ఉమాదేవి మొహంలోకి చూస్తోంది. ఇంతకుముందు ఎన్నోసార్లు ఎన్నో తలుపులు తన ముందు మూసుకోవడం చూసినదానిలా చూస్తోంది.

"ఉమా! ఇంటున్నవా?"

ఉమాదేవి గడియ మీద చెయ్యి వేసింది.